షీలె నగ్నచిత్రం: కథంతా కాగితంలోనే ఉంది

2017 చివర్లో వియన్నా పర్యాటక శాఖకు ఒక చిక్కు వచ్చిపడింది. మరుసటి ఏడాదికి ఎగాన్ షీలె అనే చిత్రకారుడు చనిపోయి వందేళ్లు నిండుతాయి. ఆ సంగతి అందరికీ తెలియాలని అతని నగ్నచిత్రాలతో పోస్టర్లు వేయించి లండన్‌కూ, జర్మనీ నగరాలకూ పంపించారు. వీటిని మా స్టేషన్లలో అతికించనివ్వం అని లండన్ రవాణా సంస్థ తేల్చి చెప్పేసింది. జర్మనీలోనూ అదే మాట. వియన్నా వాళ్లేమన్నా తక్కువ తిన్నారా! అభ్యంతరం అనిపించిన చోట తెల్ల పట్టీ అడ్డంగా వేసి, "క్షమించాలి, వందేళ్ల నాటివే గానీ ఇవాళ్టికీ మరీ తెగింపు" అన్న అర్థంలో ఒక మాట దాని మీద రాసి, అవే పోస్టర్లు మళ్లీ పంపారు. ఆ పట్టీల గురించి పేపర్లన్నీ రాశాయి.

లండన్‌కు నగ్నచిత్రాలు కొత్తేమీ కాదు. అక్కడి నేషనల్ గ్యాలరీలో వెలాస్కెజ్ వేసిన వీనస్ వీపు చూపిస్తూ హాయిగా పడుకుని ఉంటుంది. పిల్లాపెద్దా అందరూ దాని ముందు నుంచే వెళ్తుంటారు. మరి షీలె దగ్గరికి వచ్చేసరికి ఇంత టెన్షన్ దేనికి?

దీనికి జవాబుగా మామూలుగా మూడు కథలు వినిపిస్తాయి. అతని శైలి వికృతంగా ఉంటుందనేది ఒక కథ. అశ్లీల చిత్రాల కేసులో జైలుకు వెళ్లొచ్చాడనేది ఇంకొకటి. అతని బొమ్మల్లో కొన్ని నాజీల కాలంలో యూదుల ఇళ్ల నుంచి పోయినవని, ఇప్పటికీ కోర్టుల్లో నలుగుతున్నాయనేది మూడోది. ఎవరికి నచ్చిన కథ వాళ్లు చెబుతారు. నాకు మాత్రం మూడింటికీ వేరు ఒక్కటే అనిపిస్తుంది. అవి కాగితం మీద నీటిరంగులతో వేసిన బొమ్మలు. కాన్వాస్ మీద ఆయిల్ రంగులతో వేసి ఉంటే అవి చూడ్డానికి అలా ఉండేవీ కావు, పోలీసుల చేతికి అంత తేలిగ్గా చిక్కేవీ కావు, ఊళ్లు దాటి అలా చేతులు మారేవీ కావు.

ఒక బొమ్మ, దగ్గర నుంచి

వియన్నాలోని అల్బెర్టీనా మ్యూజియంలో 1910 నాటి బొమ్మ ఒకటుంది. ముఖాన్ని వికారంగా పెట్టి షీలె తన్ను తానే నగ్నంగా వేసుకున్న చిత్రం. అప్పటికి అతనికి 20 ఏళ్లు. బొమ్మ ఎత్తు సుమారు 56 సెంటీమీటర్లు, వెడల్పు 37. వేసింది సరుకులు చుట్టే గోధుమరంగు ప్యాకింగ్ పేపర్ మీద. ముందు నల్ల చాక్‌తో గీసి, తర్వాత గ్వాష్ వాడాడు. గ్వాష్ కూడా నీటిరంగే. కాకపోతే చిక్కగా ఉండి, కింద ఉన్న కాగితాన్ని కనపడనివ్వదు.

మనిషి ఎముకల గూడులా ఉన్నాడు. నోరు తెరిచి పళ్లు బయటపెట్టాడు. జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. ఒంటి మీద రంగులు ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి మీద ఉండే రంగులు కావు. దేహం చుట్టూ తెల్లరంగుతో ఒక అంచు, ఎవరో కత్తిరించి అతికించారా అన్నట్టు.

ఇప్పుడు అందులో లేనివి చూడండి. నేల లేదు. గోడ లేదు. మంచం, దుప్పటి, పరదా, ఏవీ లేవు. నీడ కూడా లేదు. శతాబ్దాలుగా యూరప్‌లో నగ్నచిత్రానికి ఒక సాకు ఉంటూ వచ్చింది. ఆమె వీనస్ దేవత అనో, స్నానానికి దిగిన వనకన్య అనో, బైబిల్లో ఫలానా స్త్రీ అనో చెప్పేవాళ్లు. బొమ్మ వేసినవాడికి ఆ కథ అడ్డు, చూసేవాడికీ అదే అడ్డు. 1865లో పారిస్‌లో ఎడ్వార్డ్ మనే అనే చిత్రకారుడు తన ‘ఒలింపియా’ బొమ్మతో ఈ దేవతల సాకు తీసేసి నానా తిట్లూ తిన్నాడు. అయితే మనే కూడా మంచం ఉంచాడు, దిండ్లు ఉంచాడు, పూలు పట్టుకున్న పనిమనిషిని ఉంచాడు. అది ఎవరి గదో, ఏం జరుగుతోందో ఊహించుకోవడానికి చూసేవాడికి ఏదో ఒకటి మిగిలింది. షీలె దాన్ని కూడా మిగల్చలేదు. లండన్ స్టేషన్లో ఇబ్బంది పెట్టింది బట్టలు లేకపోవడం కంటే ఇదేనని నా అభిప్రాయం. ఆ ఒంటిని దేనిగా చూడాలో బొమ్మ చెప్పదు.

ఈ ఖాళీ వెనక కాగితం హస్తం ఉంది. ఆయిల్ పెయింటింగ్ అంటే కాన్వాస్‌ను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రంగుతో నింపాలి. నింపకపోతే పని పూర్తి కానట్టే లెక్క. కాగితానికి ఆ బాధ లేదు. మనిషిని గీసి మిగతాది వదిలేస్తే ఎవరూ అడగరు. అందరు చిత్రకారులూ వాడుకునే ఈ చిన్న వెసులుబాటును షీలె బొమ్మకు ప్రాణంగా మార్చేశాడు. ఆ ఏడాది వేసిన చాలా బొమ్మల్లో కాళ్లూ చేతులూ కూడా మధ్యలోనే ఆగిపోతాయి. ఆగిన చోట ఖాళీ కాగితం ఉంటుంది.

ముందు గీత, తర్వాత రంగు

అతను పని చేసే తీరు గురించి మనకు బాగానే తెలుసు. హైన్రిఖ్ బెనెష్ అనే రైల్వే అధికారి అతని బొమ్మలంటే పడిచచ్చేవాడు. స్టూడియోలో కూర్చుని చూసి, తర్వాత రాసిపెట్టాడు. షీలె రబ్బరు వాడేవాడు కాదు. మోడల్ కదిలితే చెరపడం, సరిదిద్దడం లాంటివి ఉండవు; గీత తప్పితే ఆ కాగితం పక్కన పడేసి ఇంకొకటి తీసుకునేవాడు. బొమ్మ మొత్తం గీతల్లోనే అయిపోయేది. రంగు వేసేది మాత్రం తర్వాత, మోడల్ వెళ్లిపోయాక, జ్ఞాపకం మీద.

షీలె బొమ్మల్లో ఒళ్లు ఆకుపచ్చగానో, కమిలినట్టు ఎర్రగానో ఎందుకుంటుందని అడిగేవాళ్లకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. గీత చూసి గీసింది. రంగు చూసి వేసింది కాదు. మోకాలి దగ్గర ఎర్రటి మరక, వేళ్ల కణుపుల దగ్గర నీలం, ఇవన్నీ ఆ దేహం గురించి అతనికి తోచినవి. ఎక్స్‌ప్రెషనిజం అంటే ఏమిటో నిర్వచనాలు చాలానే ఉన్నాయి. కళ్లకు కనపడిన రంగును పక్కన పెట్టి లోపల తోచిన రంగు వేయడం అనుకుంటే ఇక్కడికి సరిపోతుంది.

తెల్ల అంచు మీద విమర్శకులు చాలా రాశారు. దేహం చుట్టూ కాంతివలయం అన్నారు, ఆత్మ తాలూకు వెలుగు అన్నారు. కావచ్చు. నాకైతే ముందు తోచేది పనివాడి లెక్క. గోధుమరంగు కాగితం మీద ఒంటి రంగు వేస్తే రెండూ కలిసిపోతాయి. మధ్యలో చిక్కటి తెలుపు పెడితే దేహం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. తెల్ల కాగితం మీద ఈ పని కుదరదు. ఆత్మ సంగతి తర్వాత, ఆ అంచు చవక కాగితం ఇచ్చిన వరం.

ఇంకో సంగతి ఉంది, చాలామంది గమనించరు. షీలె నిచ్చెన ఎక్కి కింద పడుకున్న మోడల్‌ను పైనుంచి గీసేవాడు. ఆ తర్వాత కొన్నిసార్లు కాగితాన్ని నిలువుగా తిప్పి, ఆ తిప్పిన దిక్కుకు సంతకం పెట్టేవాడు. దాంతో పడుకున్న మనిషి గాల్లో నిలబడినట్టో, ఎక్కడి నుంచో జారుతున్నట్టో కనిపిస్తుంది. అతని బొమ్మ ముందు కాస్త కళ్లు తిరిగినట్టు అనిపిస్తే మన తప్పు కాదు. సంతకం ఎటువైపు ఉందో చూసి, తలను పక్కకు వాల్చి చూస్తే అసలు భంగిమ దొరుకుతుంది.

తన్ను తాను గీసుకోవడానికి ఒక నిలువుటద్దం ఉండేది. తల్లి ఇంటి నుంచి తెచ్చుకున్నది. ఎన్ని స్టూడియోలు మారినా దాన్ని వెంట మోసుకెళ్లాడు. మోడల్‌కు డబ్బులివ్వాలి, అద్దానికి అక్కర్లేదు కదా. తన దేహాన్ని అన్నిసార్లు గీయడానికి ఆత్మశోధనతో పాటు ఇది కూడా ఒక కారణం అయి ఉంటుంది.

ఇదంతా ఒక్కడే కనిపెట్టాడా అంటే కాదు. మోడల్ మీద నుంచి చూపు తిప్పకుండా, కాగితం వైపు చూడకుండా గబగబా గీసి పలచటి నీటిరంగు పూయడం శిల్పి రోదాకు అప్పటికే అలవాటు. దేహం అంచును ఒక్క గీతలో పట్టేయడం వియన్నా చిత్రకారుడు గుస్టావ్ క్లిమ్ట్ దగ్గర నేర్చుకున్నదే. 1907లో ఆయన్ను కలిసేనాటికి షీలె 17 ఏళ్ల కుర్రాడు. వియన్నా ఫైన్ ఆర్ట్స్ అకాడమీలో 1906లో చేరి, అక్కడి పాతకాలపు ప్రొఫెసర్‌తో పడక 1909లో మిత్రులతో కలిసి బయటికొచ్చేశాడు. అటు జర్మనీలో డ్రెస్డెన్ కుర్రాళ్లు 1905లోనే ‘బ్రూకె’ అనే బృందం కట్టి, పావుగంటకోసారి మోడల్ భంగిమ మార్చుకుంటూ నగ్నచిత్రాలు వేస్తున్నారు. వాళ్లవీ ఎక్స్‌ప్రెషనిస్టు న్యూడ్‌లే. కానీ తేడా చూడండి: వాళ్ల మనుషులు చెరువు గట్టున ఎండలో పరిగెత్తుతుంటారు, నగ్నంగా ఉండటం వాళ్లకు స్వేచ్ఛ. షీలె మనుషులు మూసిన గదిలో మన వైపే చూస్తుంటారు.

షీలె మనుషుల్లో కనిపించే భయం ఎక్కడిదని వెతికేవాళ్లకు అతని బాల్యం కనిపిస్తుంది. 1890 జూన్ 12న డాన్యూబ్ నది ఒడ్డున తుల్న్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి అక్కడి స్టేషన్ మాస్టర్. సిఫిలిస్‌తో మతి చెడి, షీలెకు 14 ఏళ్లప్పుడు చనిపోయాడు. 1910లో ఒక డాక్టర్ అనుమతితో వియన్నా స్త్రీల ఆసుపత్రికి వెళ్లి గర్భిణులను, పసికందులను గీశాడు. శృంగారం, రోగం, పుట్టుక, చావు అన్నీ ఒకే ఒంట్లో ఉంటాయని అతనికి చిన్నప్పుడే తెలిసిందనడం తప్పు కాదు. అక్కడితో ఆగితే బాగుంటుంది. అదే వియన్నాలో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ కూడా ఉన్నాడు కదా అని ఆయన్ను తెచ్చి ప్రతి బొమ్మకూ అతికించడం ఒక అలవాటైపోయింది. అద్దం, నిచ్చెన, ప్యాకింగ్ పేపర్ నాకు అంతకంటే ఎక్కువ చెబుతాయి.

కాగితమే బువ్వ, కాగితమే కేసు

ఆయిల్ పెయింటింగ్‌కు సరంజామా ఖర్చు, రోజుల తరబడి పని, ఆపైన కొనేవాడు దొరకాలి. కాగితం బొమ్మ ఒక పూటలో అవుతుంది, చేతిలో ఉన్న డబ్బుకు అమ్మేయొచ్చు. షీలె 28 ఏళ్లే బతికాడు. అందులో కాగితం మీద వేసినవి రెండున్నర వేలకు పైగా ఉన్నాయి. కొన్నవాళ్లు గుప్పెడు మంది: ఒక విమర్శకుడు, ఒక డాక్టరు, ఒక పారిశ్రామికవేత్త, మన బెనెష్. బెనెష్‌ది జీతం బతుకు, పెద్ద బొమ్మలు కొనే స్తోమత లేదు. 1910లో అతను షీలెకు ఉత్తరం రాశాడు. ఏ చిత్తు గీతనూ పొయ్యిలో వేయొద్దు, పొయ్యి మీద చాక్‌తో "పొయ్యి = బెనెష్" అని రాసిపెట్టుకో, అక్కడ వేయబోయేదంతా నాకివ్వు అని. రైల్వే ఉద్యోగం చేసే మనిషికి ఇంత కళాపిచ్చి ఉండటం నాకు భలే నచ్చుతుంది. అతని కొడుకు ఒట్టో పెద్దయ్యాక అల్బెర్టీనాకే డైరెక్టర్ అయ్యాడు.

ఇలా అమ్ముడయ్యే బొమ్మల్లో శృంగార చిత్రాలకు గిరాకీ ఎక్కువ. సొరుగులో పెట్టుకుని, తలుపేసుకుని చూసుకోవడానికి కాగితం అనువు. అదే కాగితం గోడకు గుచ్చితే, బల్ల మీద పరిస్తే ఇంటికొచ్చిన వాళ్లందరి కంటా పడుతుంది. 1911లో షీలె, అతని మోడలూ సహచరీ అయిన వాల్లీ నోయ్‌ట్సిల్ కలిసి, షీలె తల్లి పుట్టిన ఊరు క్రుమావ్‌లో కాపురం పెట్టారు. పెళ్లి కాకుండా కలిసుండటం, తోటలో నగ్నంగా మోడల్‌ను కూర్చోబెట్టి గీయడం ఊరి వాళ్లకు నచ్చక వెళ్లగొట్టారు. అక్కడి నుంచి వియన్నా దగ్గర నోయ్‌లెంగ్‌బాఖ్‌కు చేరారు. ఆ ఊరి పిల్లలు అతని ఇంట్లోకి వచ్చిపోతుండేవాళ్లు.

1912 ఏప్రిల్‌లో పోలీసులు వచ్చారు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ఒక మైనర్ బాలిక ఈ జంట దగ్గర ఉండటంతో కేసు మొదలైంది. అపహరణ, లైంగిక నేరం అభియోగాలు కోర్టులో నిలవలేదు. నిలిచింది ఒకటే: పిల్లల కంటపడే చోట అశ్లీల చిత్రాలు ఉంచడం. పోలీసులు వందకు పైగా బొమ్మలు పట్టుకుపోయారు. శిక్ష మూడు రోజులు, కానీ విచారణతో కలిపి మొత్తం 24 రోజులు లోపలే ఉన్నాడు. తీర్పు రోజు జడ్జి ఒక బొమ్మను కోర్టులోనే కొవ్వొత్తి మంట మీద కాల్చాడు.

షీలె అభిమానులు ఈ కథను కళాకారుడి మీద సమాజం చేసిన దాడిగా చెబుతుంటారు. సగమే నిజం. 1910–11లో అతను వీధి పిల్లలను మోడళ్లుగా పెట్టుకుని గీశాడు, అందులో నగ్నంగా గీసినవి కూడా ఉన్నాయి. ఆ కాలం అలాంటిది అని కొట్టిపారేయడం నాకు సరిగా అనిపించదు. ఆ కాలపు జడ్జికి కూడా అందులో తప్పు కనిపించింది కదా. అయితే ఆ జడ్జి విచారించింది ఆ పిల్లలకు ఏం జరిగిందని కాదు, వాళ్ల కంట ఏం పడిందని. వయసొచ్చిన మోడల్ తెలిసి ఇష్టపడి కూర్చున్న బొమ్మను, లేదా అతను తన్ను తాను వేసుకున్న బొమ్మను, ఈ పిల్లల బొమ్మలతో కలిపి ఒకే తీర్పు చెప్పడమూ కుదరదు. మొదటివి ధైర్యం, రెండోవి ధైర్యం కావు.

జైల్లో వాల్లీ పళ్లు తెచ్చిచ్చేది. అతను నీటిరంగులతో జైలు వరండానీ, కుర్చీనీ, మంచం మీది నారింజ పండునూ వేశాడు. "ఆ ఒక్క నారింజే వెలుగు" అని దాని మీద రాసుకున్నాడు. తన బొమ్మలూ కొన్ని వేసుకున్నాడు, ఈసారి గడ్డంతో, కోటు కప్పుకుని.

ఆ తర్వాతి కథ గబగబా నడుస్తుంది. 1915లో వాల్లీని వదిలేసి, ఎదురింటి మధ్యతరగతి అమ్మాయి ఎడిత్ హార్మ్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. వాల్లీ రెడ్‌క్రాస్ నర్సుగా చేరి 1917లో జబ్బుచేసి చనిపోయింది. యుద్ధంలో షీలెకు రష్యన్ ఖైదీల కాపలా పని పడింది, వాళ్లనూ గీశాడు. గీత గుండ్రబడింది, దేహాలకు కండ వచ్చింది, భంగిమల్లో పొగరు తగ్గింది. 1918 మార్చిలో జరిగిన ప్రదర్శనతో పేరూ డబ్బూ వచ్చాయి. అక్టోబర్ 28న ఆరు నెలల గర్భిణి ఎడిత్ స్పానిష్ ఫ్లూతో పోయింది. మూడు రోజులకు షీలె.

పేర్లు లేని జాబితా

వియన్నాలో ఫ్రిట్జ్ గ్రూన్‌బావుమ్ అనే యూదు హాస్యనటుడు ఉండేవాడు. పాటలూ హాస్యంతో సాగే క్యాబరే వేదికల మీద పెద్ద పేరు. 1938 మార్చిలో హిట్లర్ సైన్యాలు ఆస్ట్రియాలోకి రాబోతుండగా, ప్రదర్శన మధ్యలో దీపాలు ఆరిపోతే, "నాకేమీ కనపడటం లేదు, పొరపాటున నాజీ సంస్కృతిలోకి వచ్చిపడ్డట్టున్నాను" అన్నాడని చెప్పుకుంటారు. ఆయన దగ్గర 400కు పైగా కళాఖండాలు ఉండేవి. వాటిలో 81 షీలెవి.

దేశం దాటబోతూ పట్టుబడి డాఖావ్ నిర్బంధ శిబిరానికి వెళ్లాడు. జూలైలో ఆ శిబిరంలోనే భార్య ఎలిజబెత్ పేర పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టించారు. కొద్ది రోజులకే ఫ్రాంట్స్ కీస్లింగర్ అనే కళానిపుణుడు ఇంటికొచ్చి ఆస్తుల జాబితా రాశాడు. ఆయిల్ పెయింటింగ్‌లు అయిదింటికీ పేర్లు రాశాడు. కాగితం బొమ్మలకు వచ్చేసరికి 55 రంగు బొమ్మలు, 20 పెన్సిల్ బొమ్మలు, ఒక ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసిన బొమ్మ). అంతే. ఏ బొమ్మ ఏదో లేదు. గ్రూన్‌బావుమ్ 1941 జనవరిలో డాఖావ్‌లో చనిపోయాడు. ఎలిజబెత్‌ను మరుసటి ఏడాది బెలారుస్‌లోని మాలీ త్రోస్తెనెత్స్ అనే నాజీ శిబిరానికి పంపి చంపేశారు. పిల్లలు లేరు.

1956లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఒక వ్యాపారి దగ్గర ఈ బొమ్మల్లో చాలా తేలాయి. అక్కడి నుంచి న్యూయార్క్‌కు, ఆపైన మ్యూజియాలకూ ధనవంతుల ఇళ్లకూ వెళ్లాయి. ఎలిజబెత్ తోబుట్టువే నాకు అమ్మిందని ఆ వ్యాపారి చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. దొంగసొత్తు కాదు, ఇంటి మనిషే అమ్మింది అని కొన్నవాళ్ల వాదన. శిబిరంలో పెట్టించిన సంతకం సంతకమే కాదు, ఆ తోబుట్టువుకు అమ్మే హక్కు ఎక్కడిది అని గ్రూన్‌బావుమ్ బంధువులైన వారసుల వాదన.

ఒకే ఇంటి నుంచి వచ్చిన బొమ్మల మీద అమెరికా కోర్టులు రెండు రకాలుగా చెప్పాయి. 1917 నాటి ఒక స్త్రీ బొమ్మను 1960ల్లో కొన్న వ్యక్తి కేసులో, వారసులు మరీ ఆలస్యంగా వచ్చారు, ఈలోగా సాక్షులంతా పోయారు అంటూ 2011లో కొన్నవాడి వైపు తీర్పొచ్చింది. 2012లో పైకోర్టు కూడా దాన్నే ఖరారు చేసింది. 2016లో నాజీ కాలపు కళాఖండాల కోసం అమెరికా ప్రత్యేక చట్టం తెచ్చింది. ఫలానా బొమ్మ ఫలానా చోట ఉందని వారసులకు నిజంగా తెలిసిన రోజు నుంచి ఆరేళ్ల గడువు ఇచ్చారు. 2018లో ‘నల్ల ఏప్రన్ కట్టుకున్న స్త్రీ’, ‘ముఖం దాచుకున్న స్త్రీ’ అనే రెండు నీటిరంగుల బొమ్మలు వారసులకే చెందుతాయని న్యూయార్క్ జడ్జి తేల్చాడు. 2023 సెప్టెంబర్‌లో మన్‌హాటన్ ప్రాసిక్యూటర్లు ఏడు బొమ్మలు వెనక్కి ఇప్పించారు. అప్పటిదాకా అవి మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, మోర్గాన్ లైబ్రరీ, శాంటా బార్బరా మ్యూజియం లాంటి చోట్ల ఉన్నాయి.

ఈ కేసులన్నిటిలోనూ లాయర్లు కొట్టుకునేది ఆ 55, 20 అన్న అంకెల దగ్గరే. తేలాల్సింది ఒక్కో కాగితం. వెనక వైపు స్టాంపులు, 1920ల నాటి వియన్నా ప్రదర్శనల కేటలాగులు, బెర్న్ వ్యాపారి 1956 జాబితా, వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి ‘కూర్చున్న స్త్రీ’ అంటే ఏ కూర్చున్న స్త్రీ అని తేల్చుకోవాలి. షీలె అలాంటివి వందల్లో వేశాడు.